నవ్వొద్దని చెప్పిన ఫోటో బాబాయ్

ఆ వీధిలో ఆయన్ని అందరూ ఫోటో బాబాయ్ అనే పిలుస్తారు. కట్టుకున్న భార్య కూడా కోపమొస్తే, "ఏం ఫోటో బాబాయ్ గారూ, అన్నానికి వచ్చేదుందా, మీ వాటా కూడా నన్నే తినేయమంటారా?" అంటుంది. స్టూడియో చిన్నది. ముందు గదిలో గాజు బల్ల, దాని కింద ఎవరెవరివో పాత పెళ్ళి ఫోటోలు. లోపల గదిలో ఒక స్టూలు, వెనక నీలం గుడ్డ, రెండు గొడుగు లైట్లు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చినవాళ్ళని నవ్వకుండా కూర్చోబెట్టాలి, పెళ్ళివాళ్ళని నవ్వించి నిలబెట్టాలి. ఇంతే తన పని అనుకునేవాడు చాలాకాలం.

ఇంకో రకం పని కూడా ఉందని సాయంత్రం బడి వచ్చాకే తెలిసింది.

సాయంత్రం బడి అంటే రెండు గదులు, ఒక రేకుల వరండా. పగలు బడికి వెళ్ళొచ్చిన పిల్లలు, మధ్యలో చదువు మానేసినవాళ్ళు, సాయంత్రమయ్యేసరికి అక్కడ చేరతారు. లెక్కలు చెప్తారు, కంప్యూటర్ నేర్పుతారు, పరీక్షలకి కూర్చోబెడతారు. నడిపేది ఒక మేడమ్. మంచావిడ, గొంతు మాత్రం కొంచెం పెద్దది. డబ్బులిచ్చేది ఎక్కడో దూరంగా ఉండే ఒక సంస్థ. ఆ డబ్బునే గ్రాంటు అంటారు. గ్రాంటు ఊరికే రాదు కదా, ఏడాదికోసారి రిపోర్టు పంపాలి. రిపోర్టులో ఫోటోలుండాలి. అందుకే ఫోటో బాబాయ్.

మొదటి ఏడు తీసిన ఫోటోల్లో పిల్లలందరికీ పళ్ళే పళ్ళు. ఒకడు వేళ్ళతో పక్కవాడికి కొమ్ములు కూడా పెట్టాడు. మేడమ్ వాటిని బల్ల మీద పరుచుకుని నుదురు పట్టుకుంది.

"బాబాయ్ గారూ, ఇవి చూస్తే, పిల్లలు బాగానే ఉన్నారుగా, వీళ్ళకి మా డబ్బులెందుకు అంటారు వాళ్ళు."

"మరెలా ఉండాలి మేడమ్?"

"కొంచెం... చూస్తే మనసు కరిగేట్టుగా."

పనిమంతుడికి ఇలాంటి మాట చెవిన పడితే ఊరుకోలేడు. బాబాయ్ దాన్ని ఒక పట్టు పట్టాడు. చెప్పులు బయట విప్పించాడు. కిటికీ ఒక రెక్క మూసి, వెలుతురు మొహానికి ఒక పక్కే పడేట్టు చూశాడు. తను బల్ల ఎక్కి పైనుంచి తీశాడు, అప్పుడు పిల్ల తలెత్తి చూడాల్సొస్తుంది, కళ్ళు పెద్దవవుతాయి. ఇంక మొహం. దానికి ఒక్కో పిల్లకి ఒక్కో మాట. ఒకడికి "మీ కుక్కపిల్ల తప్పిపోయిందిరా" అనాలి. ఇంకొకడికి "మీ నాన్నకి చెప్తా ఉండు" అంటే చాలు.

గ్రాంటు వచ్చింది. మేడమ్ మిఠాయి పంపింది. తర్వాత ఇంకో రెండు మూడు సంస్థల వాళ్ళు కూడా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు. "ఏడుపు ఆయన చేతిలో ఉందండీ" అని ఎవరో అంటే, బాబాయ్ ఆ మాట ఇంటికి తెచ్చి భార్యకి చెప్పుకుని మురిసిపోయాడు.

"అదేం చెయ్యిరా బాబూ!" అంది ఆవిడ. ఆయన నవ్వాడు. మెచ్చుకుందనుకున్నాడు మరి.

అలా తీసినవాటిల్లో అందరికీ నచ్చింది రింగుల పిల్ల ఫోటో.

రింగుల జుట్టని ఆ పిల్లకి ఆ పేరు. వాళ్ళమ్మ వీధి మలుపులో ఇస్త్రీ చేస్తుంది. ఇంటి ముందు రేకు దించి, దాని కింద బల్ల వేసి, బొగ్గుల పెట్టెతో పని. నాన్న లేడు, ఆ పిల్ల పసిగుడ్డుగా ఉన్నప్పుడే పోయాడు. అయినా ఆ ఇంట్లో ఎప్పుడూ పొయ్యి వెలగని రోజు లేదు, ఎవరి ముందూ చెయ్యి చాపిన రోజూ లేదు. బాబాయ్ చొక్కాలు కూడా అక్కడే ఇస్త్రీకి వెళ్ళేవి.

అప్పుడా పిల్ల బాగా చిన్నది. ఫోటో తీస్తారట అని వాళ్ళమ్మకి ముందు రోజే తెలిసింది. ఇంకేం, పసుపుపచ్చ గౌను తీసి కుచ్చు కుచ్చుకీ ఇస్త్రీ పెట్టింది. తలకి నూనె రాసి, ఆ రింగుల్ని లొంగదీసి రెండు జడలేసింది. పచ్చ రిబ్బన్లు కట్టింది. అలా తయారై వచ్చి బాబాయ్ ముందు నిలబడింది పిల్ల, చేతులు రెండూ పక్కలకి ఆనించుకుని, గౌను నలిగిపోతుందేమోనని.

"అబ్బో, పెళ్ళికూతురొచ్చింది!" అన్నాడు బాబాయ్. అంటూనే జడలు విప్పేశాడు. రిబ్బన్లు జేబులో పెట్టుకున్నాడు. మూలన ఇంకో పిల్లది మాసిన గౌనుంటే, బడి ఊడ్చే ఆయమ్మ చేత అది తొడిగించాడు. అయినా ఆ పిల్ల నవ్వు ఆపదే! జడలు విప్పినా నవ్వే, చెప్పులు విప్పినా నవ్వే. కెమెరా ఎత్తితే చాలు బుగ్గన సొట్ట.

అప్పుడు బల్ల మీద నుంచి వంగి, మెల్లిగా ఒక మాటన్నాడు. పిల్ల మొహం అలాగే ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగి, కిందకి జారకుండా నిలిచాయి. టక్కున నొక్కాడు. తీసినవాడికే ఒళ్ళు జలదరించింది, అంత బాగా వచ్చింది. అన్న మాట మాత్రం ఆ సాయంత్రానికే మర్చిపోయాడు.

ఆ ఫోటో ఎక్కడెక్కడికో వెళ్ళింది. పోయిన ఏడు సంస్థ వాళ్ళే దాన్ని పెద్ద ఫ్లెక్సీ చేయించి పంపారు. మేడమ్ దాన్ని బడి ముందు గోడకి, రోడ్డు వైపుకి కట్టించింది. కట్టింది కూడా బాబాయే, ఎత్తులు కొలతలు ఆయనకి బాగా తెలుసని. పిల్ల మొహం మనిషంత. దాని కింద పెద్ద అక్షరాలు: "నిన్న రాత్రి ఈ పిల్ల అన్నం తినలేదు. మీరు తలుచుకుంటే చదువుకుంటుంది."

ఇప్పుడు సంగతేంటంటే, గ్రాంటు గడువు అయిపోవచ్చింది. ఇంకా పొడిగించాలా వద్దా అని చూడ్డానికి సంస్థ వాళ్ళు మర్నాడే వస్తున్నారు. వాళ్ళకి ఒక ముచ్చట పుట్టింది. ఫ్లెక్సీలో పిల్ల, పక్కనే ఎదిగిన పిల్ల, పుస్తకం పట్టుకుని నవ్వుతూ. అప్పుడు ఇలా, ఇప్పుడు ఇలా.

"ఆ ఒక్క ఫోటో ఉంటే మన బడికి ఢోకా లేదు బాబాయ్ గారూ. కానీ ఆ పిల్ల చాలా రోజులుగా రావట్లేదు. కబురంపితే తలనొప్పి అంటుంది. మీ మాటైతే కాదనదు, మీరెళ్ళి తీసుకురండి" అంది మేడమ్.

దానికేం భాగ్యం అనుకుంటూ కెమెరా భుజానికి తగిలించుకుని వెళ్ళాడు.

ఇస్త్రీ బల్ల దగ్గర తల్లీకూతుళ్ళిద్దరూ ఉన్నారు. తల్లి ఇస్త్రీ పెడుతుంటే పిల్ల మడతలు పెడుతోంది. పొడుగైంది, రింగులన్నీ కలిపి బిగించి ముడేసుకుంది. బాబాయ్‌ని చూసి తల దించుకుని మడతల్లో పడింది.

"రా అన్నయ్యా, కూర్చో. నీ చొక్కాలు అయిపోయాయి. ఒకదానికి బొత్తాం ఊడితే కుట్టా" అంది తల్లి.

"చొక్కాల కోసం కాదు చెల్లెమ్మా. అమ్మాయిని రేపొక్కసారి బడికి పంపు. ఫ్లెక్సీ పక్కన నిలబడితే చాలు, ఒక్క ఫోటో."

"నన్నెందుకు, దాన్నే అడుగు. ఎదురుగానే ఉందిగా."

పిల్ల తలెత్తకుండానే అడిగింది. "ఏడవాలా బాబాయ్?"

"ఛఛ, ఏడుపెందుకు? ఈసారి నవ్వాలి. చదువుకుంటున్నావు, సంతోషంగా ఉన్నావు అని..."

"చదువుకోవట్లేదుగా. మానేశాగా."

"అదే, ఎందుకు మానేశావమ్మా? బంగారంలా చదివేదానివి. పరీక్ష కట్టాలి కదా ఈ ఏడు?"

"చెప్పవే" అంది తల్లి, ఇస్త్రీ ఆపకుండా.

పిల్ల చొక్కా చేతులు వెనక్కి మడిచి, దాన్ని మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. ఇంక తల్లే చెప్పింది.

"పగటి బడిలో దీన్ని రాత్రన్నం అని పిలుస్తున్నారట అన్నయ్యా. ఏయ్ రాత్రన్నం, ఇలా రా అని. ఒకరోజు ఎవరో సగం తిన్న డబ్బా దీని బల్ల మీద పెట్టి పోయారట. నా సంగతి చూడు, బట్టలిచ్చేవాళ్ళు మిగిలిన అన్నం కూడా కట్టి తెస్తున్నారు. నువ్వు చెప్పలేదు కానీ పాపం, మాకు తెలిసిందమ్మా అంటారు. మొదట్లో వద్దన్నా. వద్దంటే పొగరంటున్నారు. ఇప్పుడు తీసుకుని వెనక కుక్కకి పెడుతున్నా."

బాబాయ్‌కి చెవులు వేడెక్కాయి. "అది రాసింది మేడమో, సంస్థ వాళ్ళో అమ్మా. నాకేం తెలుసు? నేను ఫోటో మాత్రమే తీశా" అన్నాడు. అన్నాక, ఆ మాట తన చెవికే బాగోలేదు.

"మరి మా అమ్మ ఇంక రాదని చెప్పిందెవరు?" అంది పిల్ల.

తల్లి చెయ్యి ఆగింది. ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన నిలబెట్టింది. "ఏంటే?"

"ఏం లేదమ్మా. ఆ రోజు నేను నవ్వుతున్నానని బాబాయ్, మీ అమ్మ నిన్ను ఇక్కడ వదిలేసి వెళ్ళిపోయింది, ఇంక రాదు అన్నాడు. నిజమనుకున్నా. నువ్వు వచ్చేదాకా గేటు దగ్గరే నిలబడ్డా."

"అందుకేనా ఆ రోజు నన్ను పట్టుకుని వదల్లేదు..." అని తల్లి ఆగిపోయింది. కూతుర్ని చూసింది కానీ బాబాయ్ వైపు చూడలేదు. ఆవిడ రెండు తిట్లు తిట్టినా బాగుండునని ఆయనకి అనిపించింది.

పిల్లే మాట మార్చింది. "సరే బాబాయ్, వస్తాలే రేపు. కానీ ముందు నీ ఫోటో నేను తీస్తా. కెమెరా ఇవ్వు."

ఓస్ ఇంతేనా అనుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. "తియ్యి తల్లీ, నాకెవరు తీస్తారు ఫోటో!" అని స్టూలు లాక్కుని కూర్చుని కాలరు సర్దుకున్నాడు.

పిల్ల వచ్చి ఆ కాలరు చెరిపేసింది. పై బొత్తాం విప్పింది. బాబాయ్‌కి నడినెత్తిన బట్టతల. ఎడమ పక్క జుట్టు పొడుగ్గా పెంచి, దాన్ని అటునుంచి ఇటు దువ్వి కప్పుకుంటాడు. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆ జుట్టుని వేలితో ఎత్తి ఇవతలికి వదిలేసింది. అది చెవి మీదుగా భుజం దాకా వేలాడింది.

"ఏయ్, ఏయ్!"

"చెప్పులు విప్పు బాబాయ్."

విప్పాడు. పిల్ల బల్లెక్కింది. "పైకి చూడు. నవ్వకు."

సిగ్గుతో వచ్చే నవ్వు అంత తొందరగా ఆగదు. "ఆగట్లేదే" అన్నాడు.

"పిన్ని ఇంక రాదనుకో" అంది పిల్ల, అచ్చం ఆయన గొంతులాగే మెల్లిగా. "పొద్దున లోపలికి తీసుకెళ్ళారు. నువ్వు బయట కూర్చున్నావు. అందరూ వెళ్ళిపోయారు. నిన్నెవరూ పిలవట్లేదు."

పోయిన వానాకాలం ఆయన భార్యకి ఆపరేషన్ అయింది. ఆసుపత్రి బెంచీ మీద ఆయనొక్కడే కూర్చున్న సంగతి వీధందరికీ తెలుసు. పిల్లకీ తెలుసు. టక్కుమని చప్పుడైంది.

కెమెరా వెనక తెరలో ఫోటో చూసుకుని, పిల్ల తల్లికి చూపించింది. తల్లి చేతులు కొంగుకి తుడుచుకుని వంగి చూసింది.

"అయ్యో, తీసెయ్యవే! పిన్ని చూస్తే ఏమైపోతుంది?"

దెప్పుదామని అన్న మాట కాదది. చూసీ చూడగానే నోట్లోంచి అదే వచ్చింది. అందుకే బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. మనిషంత మొహం గోడకి కట్టేటప్పుడు, తాళ్ళు బిగిస్తూ, వంకర లేకుండా ఉందా అని కిందకి అరిచి అడిగాడు తను. రోజూ ఆ దారినే బట్టల మూట మోసుకెళ్ళే ఈవిడ చూస్తే ఏమైపోతుందని ఒక్కసారైనా, పొరపాటునైనా అనుకున్నాడా?

చెప్పులు కాళ్ళకి దొరకలేదు. ఎలాగో తొడుక్కున్నాడు. జుట్టు పైకి వేసుకోవడం కూడా మర్చిపోయాడు.

"రేపు ఎన్నింటికి రావాలి బాబాయ్?" పిల్ల మాట మీద నిలబడే రకం.

"వద్దులేమ్మా" అన్నాడు. వెనక్కి చూడకుండా వచ్చేశాడు. చొక్కాలు అక్కడే ఉండిపోయాయి.

ఇంటికొచ్చి భార్యకి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ వింటూ బియ్యంలో రాళ్ళేరుతోంది. చేట పక్కన పెట్టింది.

"ఆ రోజు ఆ పిల్ల మన గుమ్మం ముందు నుంచే వెళ్ళిందయ్యా. పసుపుపచ్చ గౌనులో సీతాకోకచిలుకలా ఉంటే, పిలిచి బుగ్గ గిల్లా కూడా. తర్వాత మాసిన గౌనుతో ఉన్న ఫోటో చూశా. నువ్వే చేశావని తెలుసు."

"మరి అనలేదేం?"

"అననా? అదేం చెయ్యిరా బాబూ అన్నాగా. నీకెక్కలేదు. గట్టిగా ఇంకోసారి అనాల్సింది. అనలేదు. బేరాలొస్తున్నాయి కదా, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నా." కెమెరా వైపు చూసి, "ఏదీ, ఆ ఫోటో చూపించు" అంది.

"తీసేసింది" అన్నాడు. అబద్ధం. కెమెరాలో అలాగే ఉంది. ఆవిడకి చూపించడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

మర్నాడు సంస్థ వాళ్ళు వచ్చారు. ఒక పెద్దాయన, ఆయన వెంట ఒక కళ్ళద్దాలావిడ. మర్యాదస్తులు, చెప్పులు గుమ్మం బయటే విప్పారు. పిల్లలు ఉతికిన బట్టలేసుకుని వరుసగా కూర్చున్నారు. మేడమ్ గుమ్మం వైపే చూస్తోంది.

"బాబాయ్ గారూ, పిల్లేదీ?"

"రాదు మేడమ్."

"రాదా? అదేంటి, నిన్న చెప్పలేదే! ఒంట్లో బాలేదా?" అని మేడమ్ అందించింది. ఔననేస్తే సరిపోయేది. మేడమ్ కళ్ళు ఔననమనే చెప్తున్నాయి. ఈ గ్రాంటు పోతే ఈ గదులు ఖాళీ చెయ్యాలి, పిల్లలు మళ్ళీ వీధిలో పడతారు. అది తెలుసు ఆయనకి. ఆ వరుస వైపు చూస్తే నోరు రావట్లేదు. ఆ ఇస్త్రీ బల్ల తలుచుకుంటే ఊరుకోబుద్ధి కావట్లేదు.

"ఒంట్లో బాగానే ఉందండీ" అన్నాడు పెద్దాయనతో. "ఆ ఫోటో వల్లే బడి మానేసింది. ఆ రాత్రి ఆ పిల్ల అన్నం తింది. ప్రతి రాత్రీ తింటుంది. వాళ్ళమ్మ శుభ్రంగా జడలేసి పంపింది. విప్పింది నేనే. మాసిన గౌను తొడిగించిందీ నేనే. నవ్వుతుంటే మీ అమ్మ ఇంక రాదని చెప్పి ఏడిపించి తీశా. ఇంక మీ ఇష్టం."

మేడమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీ ఒక్కరి తప్పు కాదులెండి" అన్నాడు పెద్దాయన. "నవ్వే ఫోటోలు పంపితే మా దాతలు చూడరు, ఇలాంటివే పంపండి అని మేమే రాశాం."

"ఆ ఫోటో వల్ల చాలామంది ఇచ్చారండీ" అంది కళ్ళద్దాలావిడ, ఓదార్పుగా. ఆ మాటకి బాబాయ్ ఇంకా కుంగిపోయాడు.

"గ్రాంటు సంగతి నేనొక్కణ్ణే తేల్చలేను. అడిగి చూస్తాను, మాటివ్వలేను" అన్నాడు పెద్దాయన. "ప్రస్తుతానికి ఉన్నది ఉన్నట్టు నాలుగు ఫోటోలు తియ్యండి. పిల్లలు ఎలా ఉంటే అలా."

బాబాయ్ కెమెరా ఎత్తాడు.

వరుసలో పిల్లలందరూ గబగబా చెప్పులు విప్పి కాళ్ళ వెనక దాచుకున్నారు. గడ్డాలు దించి, కళ్ళు పైకెత్తారు. మొదటి వరుసలో ఒక ఆడపిల్ల క్లిప్పు తీసి, జుట్టు మొహం మీదకి లాక్కుంది. ఎవరూ చెప్పలేదు. ఆయన బల్ల కూడా ఎక్కలేదు. గదంతా ఒకే మొహం.

"ఒద్దొద్దు, నవ్వండర్రా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. చిట్టచివర బుడ్డోడు పెదాలు కదపకుండా, "నవ్వితే బడి తీసేస్తారంట కదా బాబాయ్, నువ్వే చెప్పావు" అన్నాడు.

పెద్దాయన, కళ్ళద్దాలావిడ, మేడమ్, ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. నేల చీలి మింగేస్తే బాగుండుననిపించింది బాబాయ్‌కి. కెమెరా దించేశాడు.

"ఏంట్రా ఆ మొహాలు? కడుపునొప్పా అందరికీ?"

గుమ్మంలో రింగుల పిల్ల. మేడమ్ చీరల ఇస్త్రీ మూట చంకలో ఉంది, ఇచ్చిపోదామని వచ్చినట్టుంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో ఏమో. దాని మాటకి బుడ్డోడు కిసుక్కుమన్నాడు. వాడు నవ్వగానే పక్కవాళ్ళకీ అంటుకుంది.

"తియ్యండి బాబాయ్ గారూ, తియ్యండి!" అంది మేడమ్. ఆయన తియ్యలేదు. కెమెరా బల్ల మీద పెట్టి, పిల్ల దగ్గరికి వెళ్ళాడు.

"వద్దన్నానుగా అమ్మా, ఎందుకొచ్చావు?"

"నీకోసం రాలేదులే, బట్టలివ్వడానికొచ్చా." మూట మేడమ్ చేతిలో పెట్టింది. ఫ్లెక్సీ ఉన్న గోడ వైపు గడ్డం ఎగరేసి, "అదెప్పుడు తీస్తావు?" అంది.

"ఇప్పుడే తీసేస్తా. తీస్తే బడికొస్తావా?"

"నా పుస్తకాలు ఇంట్లో ఉన్నాయి." ఆలోచించింది. "తీశాక చూస్తా. ముందు తియ్యి."

వెళ్ళిపోయింది. ఆ పిల్ల నడక చూస్తే వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు.

బాబాయ్ బల్లొకటి బయటికి లాగి గోడకి ఆనించి ఎక్కాడు. మనిషంత మొహం పక్కనే ఆయన మొహం. దాని వైపు చూడకుండా తాడు పట్టుకున్నాడు. గాలివానకి కూడా కదలకూడదని కట్టిన ముళ్ళు, ఎండకి రాయిలా బిగుసుకుపోయాయి. గోళ్ళతో లాగాడు, రాలేదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎవరో, "ఏంటి ఫోటో బాబాయ్, కొత్తది కడుతున్నావా?" అని అడిగారు.

"కాదు" అని మాత్రం అన్నాడు. కింద పెద్దాయన వచ్చి బల్ల కాలు పట్టుకుని నిలబడ్డాడు. కత్తి తెమ్మని అడగడానికి కూడా బాబాయ్‌కి నోరు రాలేదు. ముడిని పళ్ళ మధ్య పెట్టుకుని లాగుతున్నాడు.